ఎన్‌టి ఎక్కువగా వచ్చింది, రక్తపరీక్ష బాగుంది: బిడ్డ గుండెను ఇప్పుడే చూపించాలా?

తాడిపత్రి నుంచి మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. మీ భార్యకు ఇప్పుడు 14వ వారం. పన్నెండో వారం దాటాక తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవు 64 మిల్లీమీటర్లు, మెడ వెనుక నీటిపొర మందం, అంటే ఎన్‌టి, 3.6 మిల్లీమీటర్లు ఉంది. తర్వాత చేయించిన ఎన్‌ఐపిటి రక్తపరీక్షలో డౌన్ సిండ్రోమ్ వంటివి ఉండే అవకాశం తక్కువని వచ్చింది. అయినా అనంతపురంలో డాక్టర్ గారు బిడ్డ గుండెను ఇప్పుడొకసారి, అయిదో నెలలో మరోసారి ప్రత్యేకంగా చూపించమన్నారు. మీరు అక్క కూతురిని చేసుకున్నారు కాబట్టి మీ అక్కగారే మీ అత్తగారు కూడా. రక్తపరీక్ష మంచిగా వచ్చాక ఈ స్కాన్లన్నీ దండగ అని ఆమె అంటున్నారు. మూడు నెలలకే గుండె లోపం కనిపిస్తుందా, కనిపిస్తే మళ్లీ అయిదో నెలలో ఎందుకు, ఏదైనా ఉందని తేలితే మన జిల్లాలో ఉండి ఏం చేయగలం, దీనికంతటికీ మేనరికమే కారణమా అని మీరు అడిగారు.

అనంతపురంలో చాలా ఏళ్లుగా గర్భిణులకు స్కాన్లు చేస్తున్నాను. మీ రిపోర్టు లాంటివి చేతిలో పట్టుకుని, ముఖంలో రక్తం లేకుండా వచ్చే దంపతులను తరచూ చూస్తుంటాను. అందుకే ముందు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను: చూపించండి. ఈ వారమో వచ్చే వారమో వెళ్లండి. రాత్రికి రాత్రి పరుగెత్తాల్సిన విషయం కాదు గాని, అయిదో నెల దాకా ఆగాల్సినదీ కాదు.

ఎందుకో అంకెల్లో చెబితేనే మీ అక్కగారికి నమ్మకం కలుగుతుంది. మూడో నెల స్కాన్‌లో నూరుమంది శిశువులను కొలిస్తే 99 మందికి ఎన్‌టి 3.5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. మీ బిడ్డది ఆ గీతను కొద్దిగా దాటింది. క్రోమోజోములు సవ్యంగా ఉన్న శిశువులను తీసుకుని చేసిన పెద్ద పరిశీలనలో, ఎన్‌టి 3.5 నుంచి 4.4 మధ్య ఉన్నవారిలో వెయ్యికి సుమారు 35 మందికి పెద్ద గుండె లోపం కనిపించింది. ఎన్‌టి మామూలుగా ఉన్నవారిలో ఇది వెయ్యికి అయిదు నుంచి తొమ్మిది లోపే. 5.5 దాటినవారిలో మాత్రం వెయ్యికి 120 పైచిలుకు. అంటే మీ బిడ్డకు ప్రమాదం మామూలు కన్నా కొన్ని రెట్లు పెరిగిన మాట నిజం. మీలాంటి రిపోర్టు వచ్చిన వెయ్యిమందిలో 965 మంది బిడ్డల గుండెలో పెద్ద లోపమేదీ ఉండదన్నదీ అంతే నిజం. ఇంట్లో చెప్పేటప్పుడు రెండు మాటలూ కలిపి చెప్పండి. మొదటిది మాత్రమే చెబితే మీ భార్యకు నిద్ర పట్టదు, రెండోది మాత్రమే చెబితే మీ అక్కగారు బస్సెక్కరు.

ఎన్‌టికీ గుండెకూ ఉన్న ఈ సంబంధం నిన్నమొన్న బయటపడింది కాదు. లండన్‌లో కైప్రోస్ నికొలాయిడెస్ బృందం 1992లో ఎన్‌టిని క్రోమోజోమ్ దోషాలకు సూచనగా చూపింది. 1999లో అదే బృందం క్రోమోజోములు బాగున్న శిశువుల్లో కూడా ఈ నీటిపొర మందంగా ఉంటే గుండెను అనుమానించాలని చెప్పింది. అప్పటి నుంచి 3.5 దాటిన ప్రతి శిశువుకూ గుండె స్కాన్ చేయించడం ఆనవాయితీ అయింది. మీ డాక్టర్ గారు చెప్పినది ఇదే, కొత్తగా కనిపెట్టిన ఖర్చేమీ కాదు.

ఇక రక్తపరీక్ష సంగతి. ఎన్‌ఐపిటి అనేది తల్లి రక్తంలో తిరిగే, మాయ నుంచి వచ్చిన డిఎన్‌ఎ ముక్కలను లెక్కగట్టే పరీక్ష. 21, 18, 13 నంబర్ల క్రోమోజోములు అదనంగా ఉన్నాయా అన్నది అది బాగా చెబుతుంది. డౌన్ సిండ్రోమ్ బిడ్డల్లో సుమారు సగం మందికి గుండె లోపం ఉంటుంది కాబట్టి, ఆ వైపు నుంచి మీకు ఊరట దొరికినట్టే. కానీ గుండె లోపాలతో పుట్టే బిడ్డల్లో ఎక్కువ మందికి క్రోమోజోములు మామూలుగానే ఉంటాయి. గుండె గోడలు సరిగా కలిశాయా, రక్తనాళాలు సరైన గది నుంచి బయలుదేరాయా అన్నది ఏ రక్తపరీక్షా చెప్పలేదు. అది కంటితో చూడాల్సిన విషయం. ఇంకో మెలిక కూడా ఉంది. 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించే స్థితి ఒకటి ఉంది. గుండె నుంచి బయటికి వెళ్లే నాళాల లోపాలతో దానికి బాగా సంబంధం ఉంది. మామూలు ఎన్‌ఐపిటి ప్యాకేజీల్లో చాలావాటిలో దాన్ని చూడరు, మామూలు క్రోమోజోమ్ పరీక్షలో కూడా అది దొరకకపోవచ్చు. అందుకే ఎన్‌టి 3.5 దాటినప్పుడు 16వ వారంలో ఉమ్మనీరు తీసి, ఇలాంటి చిన్న ముక్కల తేడాలను కూడా పట్టే మైక్రోఅరే పరీక్ష చేయించే విషయం కూడా మాట్లాడతారు. ఆ సూది వల్ల గర్భం పోయే ప్రమాదం అనుభవం ఉన్న చేతుల్లో అర శాతం కన్నా తక్కువ. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం. ఇప్పటి గుండె స్కాన్‌లో ఏం కనిపించిందన్నది ఆ నిర్ణయానికి చాలా సాయం చేస్తుంది.

మూడు నెలలకే గుండెలో ఏం కనిపిస్తుందని మీరు అడిగారు. మీరనుకునే దానికన్నా ఎక్కువే కనిపిస్తుంది. ఆఖరి నెలసరి నుంచి లెక్కిస్తే ఆరో వారం నాటికే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. పదో వారానికి నాలుగు గదులూ, కవాటాలూ, పెద్ద నాళాలూ ఏర్పడిపోతాయి. ఆ తర్వాత జరిగేదంతా పెరుగుదలే. కాబట్టి ఇప్పుడు మీ భార్య ఏం తింటే గుండె బాగుపడుతుందని వెతకడం అనవసరం, గడచిన నెలలో బిందె ఎత్తినందుకో, గ్రహణం రోజు కూరగాయలు తరిగినందుకో ఇలా అయిందని ఆమెను సాధించడం అంతకన్నా అనవసరం. ఆ మాట అనేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను కూడా స్కాన్‌కు వెంటబెట్టుకు రండి, నేనైతే వాళ్లకు తెర చూపిస్తూనే మాట్లాడతాను.

ఇబ్బంది అంతా పరిమాణంతోనే. 14వ వారంలో బిడ్డ గుండె మన వేరుశనగ గింజంత ఉంటుంది. అదీ నిమిషానికి 150 సార్లకు అటూఇటూగా కొట్టుకుంటూ, ఈదుతూ ఉన్న బిడ్డలో. 20వ వారానికి అదే గుండె సుమారు రెండు సెంటీమీటర్లు అవుతుంది. అందుకని ఇప్పుడు పొట్టమీద నుంచి చూసినది సరిగా తెలియకపోతే యోని ద్వారా కూడా చూస్తాం. ఆ ప్రోబ్, అంటే స్కాన్ తీసే పరికరం, దగ్గరగా వెళుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేస్తుంది కాబట్టి బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. దానివల్ల గర్భానికి హాని లేదు. మీ భార్యకు ముందే చెప్పి ఉంచండి, అక్కడికి వచ్చాక విని బెదిరిపోయే వాళ్లు చాలామంది.

గదిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చెబుతాను, ఎందుకంటే మీరు రిపోర్టు చదివేటప్పుడు ఇది పనికొస్తుంది. మొదట నేను గుండె వైపే చూడను. బిడ్డ తల ఎటుంది, వీపు ఎటుంది చూసి బిడ్డ ఎడమ పక్క ఏదో తేల్చుకుంటాను. పొట్ట దగ్గర అడ్డంగా ఒక బొమ్మ తీస్తే జీర్ణాశయం నల్లని బుడగలా ఎడమవైపు కనిపించాలి. అక్కడి నుంచి ప్రోబ్‌ను కొద్దిగా తల వైపు జరిపితే నాలుగు గదులు వస్తాయి. గుండె ఛాతీలో మూడో వంతు మించకూడదు, దాని మొన ఎడమవైపు సుమారు 45 డిగ్రీల కోణంలో తిరిగి ఉండాలి. కోణం బాగా పక్కకు ఒరిగి ఉంటే గదులు చూడకముందే నాకు అనుమానం మొదలవుతుంది. కుడి, ఎడమ గదులు దాదాపు సమానంగా ఉన్నాయా, మధ్యలో గోడలు, కవాటాలు కలిసే కూడలి సరిగా ఉందా, కుడి కింది గదిలో అడ్డంగా ఉండే కండపట్టీ కనిపిస్తోందా అని చూస్తాం. ఇంకా పైకి జరిపితే ఎడమ కింది గది నుంచి ఒంటికంతటికీ రక్తం పంపే బృహద్ధమని బయలుదేరి బిడ్డ కుడి భుజం వైపు వెళుతుంది. కుడి కింది గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని బయలుదేరి, దాన్ని అడ్డంగా దాటి వెనక్కి పోతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి దాటడం కళ్లారా చూడాలి. చివరగా మెడకు దగ్గరలో రెండు పెద్ద నాళాలూ కలిసి ఇంగ్లిషు ‘వి’ అక్షరం ఆకారం ఏర్పడుతుంది, దాని కుడి పక్కన వాయునాళం చిన్న గుండ్రని చుక్కలా ఉంటుంది. రంగుల డాప్లర్ పెడితే ‘వి’ రెండు కాళ్లూ ఒకే రంగులో నిండాలి.

రంగుల గురించి ఒక మాట. తెర మీద ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అనుకుని కంగారుపడే తండ్రులు ప్రతివారం ఎదురవుతారు. ప్రోబ్ వైపు వచ్చే రక్తం ఒక రంగు, దూరంగా వెళ్లేది మరో రంగు, అంతే. ఆ వేళకు బిడ్డ బోర్లా తిరిగి వీపు పైకి పెట్టిందంటే పక్కటెముకల నీడ గుండె మీద పడుతుంది. అప్పుడు తల్లిని లేపి, కాసేపు వరండాలో నడిచి, ఏదైనా తాగి రమ్మని పంపుతాం. రెండుసార్లు బయటికి పంపారంటే ఏదో దాస్తున్నారని కాదు. తల్లి కడుపు మందంగా ఉన్నా, పాత ఆపరేషన్ మచ్చ అడ్డొచ్చినా కూడా ఇదే తంటా.

మంచి యంత్రం, తీరిక, అనుభవం మూడూ కుదిరితే మూడో నెలలోనే ఏవి దొరుకుతాయి? ఎడమ పక్క గదులు ఎదగకుండా ఉండిపోవడం, నాలుగు గదుల మధ్య కూడలే లేకపోవడం, ఒకే పెద్ద కింది గది ఉండటం, రెండు నాళాల బదులు ఒకటే బయలుదేరడం వంటి పెద్ద లోపాలు చాలావరకు దొరుకుతాయి. అన్ని పెద్ద లోపాలనూ కలిపి చూస్తే మాత్రం ఈ దశలో సుమారు సగమే పట్టుబడతాయి. సగమేనా అని తీసిపారేయకండి. పట్టుబడేవి సాధారణంగా మిగతావాటి కన్నా తీవ్రమైనవి, త్వరగా తెలిస్తేనే ఎక్కువ మేలు జరిగేవి.

మిగతా సగం కోసమే అయిదో నెల. ఇది ఒకే స్కాన్‌ను రెండుసార్లు అమ్ముకోవడం కాదని మీ అక్కగారికి నచ్చజెప్పాల్సిన చోటు ఇదే. కొన్ని లోపాలు ఇప్పుడు ఉన్నా కనిపించనంత చిన్నవి, కింది గదుల మధ్య సన్నని రంధ్రాల్లాంటివి. కొన్ని ఇప్పుడు లేవు, తర్వాత ముదురుతాయి. బృహద్ధమని కవాటం ఈ నెలలో కాస్త ఇరుకుగా ఉండి, అయిదో నెలకు ఎడమ గది పెరుగుదలనే ఆపేయవచ్చు. గుండె కండరంలో గడ్డలు సాధారణంగా ఇంకా తర్వాతే బయటపడతాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలు తప్పుచోట కలవడం, బృహద్ధమని వంపు దగ్గర నొక్కుకుపోవడం వంటివి అయిదో నెలలో నిపుణులకు కూడా చెమటలు పట్టిస్తాయి. కాబట్టి ఇప్పుడు ‘అంతా బాగుంది’ అని వస్తే సంతోషించండి, కానీ 20వ వారం దగ్గర బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌తో పాటు, గుండెనే ప్రత్యేకంగా చూసే ఫీటల్ ఎకో తేదీని రద్దు చేసుకోకండి. ఎన్‌టి బాగున్న కుటుంబాలకు కూడా ఒక మాట చెప్పాలి: పెద్ద గుండె లోపాలున్న శిశువుల్లో చాలామందికి ఎన్‌టి మామూలుగానే ఉంటుంది. మీకు ఎక్కువ రావడం వల్ల గుండె చూపించుకునే అవకాశం ముందే వచ్చిందని కూడా అనుకోవచ్చు.

ఏ స్కాన్‌లోనూ దొరకనివి కూడా ఉన్నాయి. పై గదుల మధ్య ఒక కిటికీ, రెండు పెద్ద నాళాలను కలుపుతూ ఒక సన్నని దారి ప్రతి శిశువుకూ కడుపులో ఉండి తీరాలి. ఊపిరితిత్తులకు అప్పుడు పని లేదు కాబట్టి రక్తం ఆ దారుల గుండానే పక్కకు మళ్లుతుంది. పుట్టాక అవి మూసుకోవాలి. మూసుకోకపోతే అప్పుడది లోపం. కడుపులో ఉండగా దాన్ని ముందే చెప్పడం కుదరదు. ‘గుండెలో రంధ్రం ఉందన్నారు’ అని ఏడుస్తూ వచ్చినవాళ్ల రిపోర్టు చూస్తే, ఒక్కోసారి ఆ మామూలు కిటికీయే. అలాగే గుండెలో తెల్లచుక్క. చిన్న కండ మీద కాస్త సున్నం చేరినట్టు మెరిసే ఆ చుక్క ఒంటరిగా ఉంటే గుండె జబ్బు కాదు, గుండె పనికి దానితో ఏ అడ్డూ లేదు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయం. ‘గుండె: నాలుగు గదులు కనిపించాయి, నార్మల్’ అని ఒకే వాక్యంతో ముగిసే రిపోర్టులు. నాలుగు గదులు బాగుండి కూడా పెద్ద నాళాలు రెండూ తారుమారైన బిడ్డలు ఉంటారు. బృహద్ధమని కుడి గది నుంచి, పుపుస ధమని ఎడమ గది నుంచి బయలుదేరతాయి. నాలుగు గదుల బొమ్మలో చిన్న తేడా కూడా ఉండదు. పైకి జరిపి చూస్తే మాత్రం నాళాలు ఒకదాన్నొకటి దాటకుండా పక్కపక్కనే సమాంతరంగా పోతుంటాయి, ‘వి’ ఉండాల్సిన చోట ఒకటే పెద్ద నాళం కనిపిస్తుంది. అందుకే గదులు చూసి ఆగిపోకుండా నాళాలు బయలుదేరే చోట్లను, పైనున్న మూడు నాళాల (ఆ రెండూ, వాటి పక్కన పై పెద్ద సిర) బొమ్మను కూడా చూడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు స్కాన్ చేసినవారిని మర్యాదగా ఒక్కటి అడగండి: ‘రెండు పెద్ద నాళాలు దాటుకోవడం కనిపించిందా, మూడు నాళాల బొమ్మ తీశారా?’ కనిపించిందంటే ఆ బొమ్మలు రిపోర్టులో ఉంటాయి. కనిపించలేదంటే ‘రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి’ అని రాసివ్వడమే నిజాయితీ. నా దృష్టిలో అలా రాసిన రిపోర్టు, కనిపించని దాన్ని నార్మల్ అని రాసిన రిపోర్టు కన్నా ఎంతో విలువైనది.

ఏదైనా ఉందని తేలితే మన జిల్లాలో ఉండి ఏం చేయగలం? ఈ నాళాలు తారుమారైన జబ్బునే తీసుకుందాం. ఆ బిడ్డ నెలలు నిండి, మంచి బరువుతో పుట్టి, గట్టిగా ఏడుస్తుంది. ఇందాక చెప్పిన సన్నని దారి తెరిచి ఉన్నంతసేపు ప్రాణవాయువు ఉన్న రక్తం, లేని రక్తం కాస్త కలుస్తాయి, ప్రాణం నిలుస్తుంది. ఆ దారి మామూలుగా మొదటి రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. అది మూసుకుంటూ ఉంటే బిడ్డ నీలంగా మారుతుంది. అప్పుడు జబ్బేమిటో తెలియకుండా ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సు పిలిచి, రెండువందల కిలోమీటర్ల పైనున్న బెంగళూరుకు దారి పట్టడం ఒక కథ. ముందే తెలిస్తే కథ వేరు: ఆ దారిని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు పుట్టగానే సిద్ధంగా ఉంటుంది, అవసరమైతే పై గదుల మధ్య కిటికీని బెలూన్‌తో వెడల్పు చేస్తారు, మొదటి కొద్దివారాల్లో నాళాలను సరైన చోటికి మార్చే ఆపరేషన్ చేస్తారు. పారిస్ వైద్యులు 1999లో ప్రచురించిన లెక్క దీన్ని బాగా చూపిస్తుంది. పుట్టాక ఈ జబ్బు బయటపడిన 250 మందిలో 15 మంది ఆపరేషన్ దాకా కూడా రాలేకపోయారు. కడుపులోనే తెలిసిన 68 మందిలో అలా పోయినవారు ఒక్కరూ లేరు.

అంటే చేయాల్సింది ముఖ్యంగా కాన్పు ఎక్కడన్నది ముందే తేల్చుకోవడం. గుండె లోపం ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు, ముందస్తు కాన్పూ అక్కర్లేదు. చాలామందికి నెలలు నిండాక మామూలు కాన్పే మంచిది. కానీ పుట్టింటి ఆచారం కోసం తాడిపత్రిలో నర్సింగ్ హోమ్‌లో కాన్పు పెట్టుకోవడం పుట్టగానే చికిత్స కావాల్సిన బిడ్డకు సరికాదు. మీ భార్య పుట్టిల్లూ మీ అక్కగారిల్లూ ఒకటే కాబట్టి ఈ మాట ఆమెకే నేరుగా చెప్పవచ్చు. మన పక్కనే పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. తిరుపతిలో టిటిడి పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021లో మొదలైంది. బెంగళూరు ఎలాగూ ఉంది. అయితే రోజుల పసికందును ఏ రాత్రి వేళనైనా చేర్చుకుని ఆపరేషన్ చేసే ఏర్పాటు ఉందా, అక్కడే లేదా దగ్గరలో కాన్పు చేయించుకోవచ్చా అన్నది ముందే ఫోనులో కనుక్కోవాలి, ఎందుకంటే ఏడాది నిండిన పిల్లలకు ఆపరేషన్ చేయడం, అప్పుడే పుట్టినవారికి చేయడం ఒకటి కాదు. రేషన్ కార్డు ఉంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లల గుండె ఆపరేషన్లకు సాయం ఉంది. ఇది ఆరోగ్యశ్రీ పేరుతో 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మీరు ఎంచుకున్న ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో సర్వజన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

అన్ని లోపాలూ ఇలా గడియలతో పరుగు పెట్టించవు. కింది గదుల మధ్య చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి. ఫాలో టెట్రాలజీ అనే నాలుగు లోపాల జబ్బుకు సాధారణంగా మొదటి ఏడాదిలో ఆపరేషన్ చేస్తారు, ఆ పిల్లల్లో చాలామంది బడికి పోతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. సగం గుండెతో పుట్టే బిడ్డల దారి మాత్రం కఠినం, మూడు విడతల ఆపరేషన్లు, ఖర్చు, అనిశ్చితి. అలాంటిది తేలితే పిల్లల గుండె డాక్టరుతో కూర్చుని మాట్లాడనిదే ఏ నిర్ణయమూ తీసుకోకండి. గర్భం కొనసాగించలేమన్న నిర్ణయానికి వస్తే, 2021 సవరణ తర్వాత చట్టం 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో తీవ్రమైన లోపాల విషయంలో అనుమతిస్తుంది. ఆపైన అయితే మెడికల్ బోర్డు తేల్చాలి. మూడో నెల స్కాన్ అసలు విలువ నాకు ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. 23వ వారంలో విషయం తెలిస్తే ఆ కొద్దిరోజుల్లో మరో అభిప్రాయం, ఉమ్మనీటి పరీక్ష, ఇంట్లో చర్చ ఏవీ సవ్యంగా జరగవు. 14వ వారంలో తెలిస్తే రెండు నెలల వ్యవధి ఉంటుంది, అనుమానం తప్పని తేలడానికి కూడా ఆ వ్యవధే కావాలి.

మేనరికం గురించి దాచకుండా చెబుతాను. మేనమామ, మేనకోడళ్ల జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడివి. అలాంటి పెళ్లిళ్లలో పుట్టే పిల్లల్లో గుండె లోపాలు సహా కొన్ని పుట్టుక లోపాలు బయటివాళ్లను చేసుకున్న కుటుంబాలకన్నా కొంత ఎక్కువ. అయితే మన ప్రాంతంలో ఇలాంటి దంపతులకు పుట్టే పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. మీ బిడ్డ ఎన్‌టికి కారణం ఇదేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. గుండె లోపాలున్న బిడ్డల తల్లుల్లో ఎక్కువమందికి చెప్పుకోదగ్గ కారణమేదీ ఉండదు. స్కాన్ చేసేవారికి మాత్రం మేనరికమని తప్పక చెప్పండి. అలాగే మీ భార్యకు గర్భానికి ముందు నుంచే షుగరు ఉందా, మూర్ఛకు మాత్రలు వాడిందా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు గుండె ఆపరేషన్ జరిగిందా, పసితనంలోనే నీలంగా మారి పోయిన బిడ్డ ఉందా అన్నవి కూడా. ఆ చివరి ప్రశ్నకు జవాబు మీ అక్కగారికే బాగా తెలుస్తుంది, అందుకే ఆమెను తీసుకెళ్లమంటున్నాను. అన్నీ బాగున్నాయనే తేలినా, పుట్టిన తర్వాత 24 గంటలు దాటాక కుడిచేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడమని కాన్పు చేసేవారిని అడగండి. 95 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, చేతికీ కాలికీ తేడా మూడు మించకూడదు. నిమిషాల పని, డబ్బు ఖర్చు లేని పని, స్కాన్లు తప్పిపోయిన బిడ్డలను అది చాలాసార్లు పట్టిస్తుంది.

వెళ్లేటప్పుడు ఎన్‌టి స్కాన్ రిపోర్టు బొమ్మలతో సహా, ఎన్‌ఐపిటి కాగితం, ఆధార్ తీసుకెళ్లండి. చట్టం ప్రకారం ఫారం-ఎఫ్ నింపనిదే ఎవరూ స్కాన్ మొదలుపెట్టరు, ఆడా మగా అన్నది మాత్రం అడగవద్దు, చెప్పరు. ఖాళీ కడుపుతో ఉండాల్సిన పని లేదు, తిని బయలుదేరండి. తాడిపత్రి నుంచి అనంతపురానికి ఈ నెలలో బస్సులో రావడానికి అభ్యంతరం లేదు. గుండె స్కాన్‌కు అరగంట నుంచి గంట పట్టవచ్చు, బిడ్డ తిరగకపోతే ఇంకా ఎక్కువ. కాబట్టి సాయంత్రం ఆఖరి బస్సు లెక్క చూసుకుని ఉదయం వేళకే అపాయింట్‌మెంట్ అడగండి. అప్పుడే 20వ వారం తేదీ కూడా రాయించుకుని రండి.